‘నాకు తెలియదు’కు కాగితం కావాలి: దొంగ సొత్తు, దోపిడీ కేసుల్లో ఉద్యోగి ఇరుక్కోకుండా

మధ్యాహ్నం భోజనాల వేళ. షాపులో జనం పల్చబడ్డారు. ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చారు. ఒకడు బండి దిగలేదు, ఇంజిను ఆపలేదు. రెండోవాడు లోపలికొచ్చి జేబులోంచి గొలుసు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ‘అమ్మకు ఆపరేషన్ అన్నా, అర్జెంటు’ అన్నాడు. గొలుసు కొక్కెం దగ్గర ఊడలేదు, మధ్యలో తెగింది. బిల్లు లేదు. ఆధార్ ఇంట్లో ఉండిపోయిందట. గ్రాము రేటెంత, తరుగెంత తీస్తారు అని కూడా అడగడం లేదు. ఓనర్‌కు ఫోన్ చేస్తే ‘తీస్కో, బిల్లు రాయకు’ అన్నాడు.

ఈ రెండు నిమిషాల్లో మీరు చేసిన పనికి నెల రోజుల తర్వాత పోలీసులు సెక్షన్ వెతుకుతారు. చైన్ స్నాచింగ్ ముఠా దొరికిందని పేపర్లో వార్త వచ్చినప్పుడు, చివరి పేరాలో ‘సొత్తు కొన్న రిసీవర్లను కూడా రిమాండ్‌కు తరలించారు’ అనే వాక్యం చూసే ఉంటారు. ఆ వాక్యంలో ఓనర్ పేరు పక్కన గుమాస్తా పేరు పడే సందర్భాలూ ఉంటాయి.

బంగారం షాపు సేల్స్‌మన్, తాకట్టు కొట్టు గుమాస్తా, గోల్డ్ లోన్ శాఖలో అప్రైజర్, పాత ఫోన్లు కొనే షాపులో టెక్నీషియన్, పాత ఇనుప సామాను కొట్టులో కాటా వేసే మనిషి, బండ్ల మెకానిక్, లాడ్జి రిసెప్షనిస్టు, క్యాబ్ డ్రైవర్... వీళ్లెవరూ కత్తి పట్టినవాళ్లు కారు. కానీ ఎక్కడో కత్తి చూపించి లాక్కున్న వస్తువు డబ్బుగా మారాలంటే వీళ్లలో ఎవరో ఒకరి చేతి మీదుగా పోవాల్సిందే. అందుకే దోపిడీ చట్టం వీళ్లకూ తెలిసుండాలి. చట్టం మీ చేతిలో ఏముందో చూసి ఊరుకోదు, మీ మనసులో ఏముందో కూడా అడుగుతుంది. మనసులో ఉన్నది కోర్టుకు కనపడాలంటే కాగితం కావాలి. ఆ కాగితం సరుకు కొన్న రోజునే పుట్టాలి. పోలీసులు గుమ్మంలోకి వచ్చాక పుట్టిన కాగితాన్ని ఎవరూ నమ్మరు.

చోరీ ఎక్కడ ఆగి దోపిడీ ఎక్కడ మొదలవుతుంది

2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. అందుకే కోర్టుల్లో ఇప్పటికీ 392, 395, 397, 411 నంబర్లు వినపడుతుంటాయి. ఎఫ్ఐఆర్ కాపీ చేతికొస్తే ముందు నేరం జరిగిన తేదీ చూడండి. సెక్షన్ నంబర్లు దాన్ని బట్టి అర్థమవుతాయి.

యజమాని ఒప్పుకోకుండా, దురుద్దేశంతో వస్తువు తీసుకెళ్తే దొంగతనం. సెక్షన్ 303 కింద మూడేళ్ల దాకా జైలు. ఒక్కసారిగా గుంజుకుని పారిపోతే స్నాచింగ్. ఇది కొత్తగా పెట్టిన సెక్షన్ 304, దీనికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. వస్తువు లాక్కోవడానికో, లాక్కున్నది పట్టుకుపోవడానికో మనిషిని కొట్టినా, కొడతానని అప్పటికప్పుడు భయపెట్టినా అది దోపిడీ అవుతుంది. సెక్షన్ 309 కింద పదేళ్ల దాకా కఠిన కారాగారం. అదే దోపిడీ హైవే మీద పొద్దుగూకిన తర్వాత, తెల్లవారే లోపు జరిగితే 14 ఏళ్ల దాకా వెళ్తుంది. దోపిడీలో ఎవరికైనా గాయం చేస్తే యావజ్జీవం కూడా పడొచ్చు. గాయం చేసినవాడికే కాదు, ఆ దోపిడీలో కలిసి పాల్గొన్నవాళ్లకూ అదే శిక్ష.

ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి దోపిడీ చేసినా, ప్రయత్నించినా అది బందిపోటు నేరం, సెక్షన్ 310. యావజ్జీవం లేదా పదేళ్ల దాకా కఠిన కారాగారం. ఐదుగురి లెక్కలో అక్కడే ఉండి సాయం చేసినవాళ్లూ వస్తారు. బందిపోటుకు సన్నాహాలు చేసుకున్నా, అందుకోసం ఒక చోట గుమికూడినా విడివిడిగా శిక్షలున్నాయి. ‘ఇంకా ఏం చేయలేదు కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక ఆయుధం. దోపిడీలో లేదా బందిపోటులో మారణాయుధం వాడినవాడికి సెక్షన్ 311 కింద ఏడేళ్లకు తగ్గకుండా జైలు. వాడడం అంటే పొడవాల్సిన పని లేదు. బాధితుడికి కనపడేలా కత్తి పట్టుకుని భయపెట్టినా వాడినట్టేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. అయితే ఈ ఏడేళ్ల కనీస శిక్ష ఆయుధం పట్టినవాడికే పడుతుంది, పక్కన ఉత్త చేతులతో నిలబడ్డవాడికి దీన్ని అంటగట్టకూడదని 2021లో మరో తీర్పులో స్పష్టం చేసింది. అలాగని పక్కవాడు బయటపడ్డట్టు కాదు. అతని మీద దోపిడీ సెక్షన్ అలాగే నిలుస్తుంది.

ఒక రాత్రి, నలుగురు మనుషులు, ఒక ఫోన్

సెక్షన్లు విడిగా చదివితే తలకెక్కవు. ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. రాత్రి తొమ్మిదింటికి హైవే పక్కన ఒక ఫైనాన్స్ కంపెనీ కలెక్షన్ ఏజెంటు బండి ఆపి ఫోన్ మాట్లాడుతున్నాడు. నలుగురు కారులో వచ్చారు. ఒకడు కత్తి తీశాడు. ఇద్దరు బ్యాగు, ఫోన్ లాక్కున్నారు. నాలుగోవాడు స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాడు. మూడో రోజు ఆ ఫోన్ పట్నంలో ఒక సెకండ్ హ్యాండ్ షాపుకు చేరింది.

రాత్రి పూట, హైవే మీద జరిగింది కాబట్టి దోపిడీకి 14 ఏళ్ల దాకా అవకాశం. కత్తి తీసినవాడికి ఏడేళ్ల కనీస శిక్ష అదనపు బెడద. కారు దిగని డ్రైవర్ ‘నేను ఎవర్నీ ముట్టుకోలేదు’ అంటాడు. ముందే తెలిసి, వాళ్లను అక్కడికి తీసుకెళ్లి, పారిపోవడానికి కారు సిద్ధంగా ఉంచాడని రుజువైతే సెక్షన్ 3(5) కింద అతనూ నేరం చేసినట్టే. అందరి ఉద్దేశం ఒక్కటై నేరం జరిగితే, ప్రతి ఒక్కరూ మొత్తం తానే చేసినంత బాధ్యుడని ఆ సెక్షన్ చెబుతుంది.

అదే డ్రైవర్‌కు నిజంగా ఏమీ తెలియకపోతే? యాప్‌లో బుకింగ్ వచ్చింది, ఎక్కించుకున్నాడు, మధ్యలో ఆపమంటే ఆపాడు. అప్పుడు అతను సాక్షి. నిందితుడికీ సాక్షికీ మధ్య ఉన్న గోడ ఆ ట్రిప్ రికార్డు. ‘యాప్ ఆపెయ్ అన్నా, క్యాష్ ఇస్తాం’ అనేవాళ్లకు రాత్రిపూట ఒప్పుకోకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్ కొన్న షాపు. దొంగ సొత్తని తెలిసి, లేదా నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశంతో తీసుకున్నా, దగ్గర ఉంచుకున్నా సెక్షన్ 317(2) కింద మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ రాత్రి కారులో నలుగురికి బదులు ఐదుగురు ఉండి ఉంటే అది బందిపోటు సొత్తు. ఆ సంగతి తెలిసి కొన్నవాడికి, లేదా బందిపోటు ముఠా మనిషని తెలిసీ వాడి దగ్గర దొంగ సొత్తు తీసుకున్నవాడికి, సెక్షన్ 317(3) కింద యావజ్జీవం దాకా ఉంది. అంటే ఎప్పుడూ చూడని ఆ ఐదో మనిషి వల్ల కౌంటర్ వెనక ఉన్నవాడి శిక్ష మూడేళ్ల నుంచి జీవితకాలానికి పోవచ్చు. దొంగ సొత్తు కొనడమే అలవాటుగా పెట్టుకున్నవాడికి 317(4) కింద కూడా అంతే శిక్ష.

‘నమ్మడానికి తగిన కారణం’ ఎక్కడ దొరుకుతుంది

దొంగతనంలో, దోపిడీలో, బెదిరించి వసూలు చేసిన దాంట్లో చేతులు మారినదే కాదు, మోసం చేసి తీసుకున్నదీ, నమ్మి అప్పగిస్తే కాజేసిందీ చట్టం దృష్టిలో దొంగ సొత్తే. తిరిగి అసలు హక్కుదారు చేతికి చేరిన క్షణం నుంచి దానికి ఆ పేరు పోతుంది.

అనుమానం రావడం వేరు, నమ్మడానికి తగిన కారణం ఉండడం వేరు. 1950ల్లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు మూడు విషయాలు రుజువు కావాలంది: సొత్తు నిందితుడి స్వాధీనంలో ఉండాలి, అంతకుముందు అది వేరొకరి స్వాధీనంలో ఉండి ఉండాలి, అది దొంగ సొత్తని నిందితుడికి తెలిసి ఉండాలి. ఆ కేసులో నగలు దొరికిన చోటు ఎవరైనా వచ్చిపోయే బయలు పొలం కావడంతో స్వాధీనమే నిలబడలేదు. 2022లో మరో తీర్పు వచ్చింది. లారీని దోచి తెచ్చిన పాత్రలు కొన్నారన్న కేసు అది. తక్కువ ధరకు అమ్మారన్న ఒక్క కారణంతో దొంగ సొత్తని కొన్నవాడికి తెలుసని అనుకోలేమని, సహనిందితుడు పోలీసులకు చెప్పిన మాట కూడా దానికి రుజువు కాదని చెప్పి అతణ్ని నిర్దోషిగా వదిలేసింది.

ఆ తీర్పు చదివి నిశ్చింతగా ఉండొద్దు. అతనికి ఆ మాట సుప్రీంకోర్టు మెట్లెక్కాక గానీ దక్కలేదు. చవక ధర ఒక్కటే అయితే చాలదు గానీ, చవక ధరకు తోడు తెగిన గొలుసు, లేని బిల్లు, చూపించని గుర్తింపు కార్డు, రాయొద్దన్న రసీదు అన్నీ ఒక చోట చేరితే అవే ‘తగిన కారణం’ అవుతాయి.

పైగా భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 119 ఉంది. దొంగతనం జరిగిన కొద్ది కాలానికే ఆ సొత్తు ఒకరి దగ్గర దొరికి, అది ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే, అతను దొంగైనా అయ్యుండాలి, దొంగ సొత్తని తెలిసి తీసుకున్నవాడైనా అయ్యుండాలని కోర్టు అనుకోవచ్చు. అనుకోవచ్చు అంటే అనుకుని తీరాలని కాదు. ఆ సెక్షన్‌లోనే వ్యాపారులకు పనికొచ్చే ఒక ఉదాహరణ ఉంది. గుర్తు పెట్టిన రూపాయి ఒకటి దొంగతనం జరిగిన కాసేపటికే దుకాణదారు గల్లాపెట్టెలో దొరికింది. అది ఎవరిచ్చారో అతను చెప్పలేడు, కానీ వ్యాపారంలో రోజంతా రూపాయలు వస్తూనే ఉంటాయి. ఆ సంగతి కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవాలంటుంది చట్టం. గల్లాలో రూపాయికి ఈ వెసులుబాటు సరిపోతుంది. 30 గ్రాముల గొలుసుకు ‘ఎవరిచ్చారో గుర్తులేదు’ అంటే నమ్మేవాడు ఉండడు.

‘ఓనర్ చెప్పాడు, నేను చేశాను’

ఉద్యోగులు ఎక్కువగా పట్టుకునే ఊతకర్ర ఇదే. ఇందులో సగం నిజం ఉంది. బీఎన్ఎస్ సెక్షన్ 3(3) ప్రకారం గుమాస్తా గానీ పనివాడు గానీ యజమాని తరఫున ఒక వస్తువును దగ్గర పెట్టుకుంటే అది యజమాని స్వాధీనంలో ఉన్నట్టే. అందుకని షాపు లాకర్లో దొంగ గొలుసు దొరికితే మొదటి ప్రశ్న ఓనర్‌కే. రోజువారీ పనిలో భాగంగా, ఏమీ తెలియకుండా తూకం వేసి పెట్టిన గుమాస్తా భయపడాల్సింది తక్కువ.

మిగతా సగం ప్రమాదకరం. తెలిసి చేస్తే యజమాని మాట మీకు రక్షణ ఇవ్వదు. దొంగ సొత్తని తెలిసీ దాచడానికి, అమ్మడానికి, మాయం చేయడానికి సాయపడినవాడి కోసం 317(5) వేరుగా ఉంది. మూడేళ్ల దాకా శిక్ష. ఆ గొలుసు మీరు కొనలేదు, మీకు పైసా లాభం లేదు. కానీ రాత్రికి రాత్రి కరిగించి ముద్ద చేసింది మీరే. ఆ ఫోన్ మీది కాదు. లాక్ తీసింది మీరే. నేరం జరిగిందని తెలిసి ఆధారం లేకుండా చేసినందుకు సెక్షన్ 238 కూడా తోడవ్వచ్చు.

మరేం చేయాలి? ఓనర్‌తో గొడవ పడక్కర్లేదు. ‘సార్, ఐడీ లేకుండా తీసుకుంటే రేపు మనిద్దరికీ ఇబ్బంది. ఐడీ తెచ్చుకోమని చెప్పి పంపిస్తున్నా’ అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది, మెసేజ్‌కు తేదీ, టైము ఉంటాయి. నిజాయితీ గల యజమాని ఈ మాటకు సంతోషిస్తాడు. ‘మెసేజులెందుకు, చెప్పింది చెయ్’ అని విసుక్కునే యజమాని దగ్గర ఎంతకాలం పనిచేయాలో మీరే ఆలోచించుకోండి. గల్ఫ్ ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా పోలీసు క్లియరెన్స్ అడిగినప్పుడు పెండింగ్ కేసు మీ పేరు మీదే కనపడుతుంది.

ఏ పనిలో ఏం చూడాలి

బంగారం: అమ్మేవాళ్ల ఫొటో ఐడీ కాపీ, అక్కడికక్కడ తీసిన ఫొటో, మీ ముందే రింగ్ చేసి చూసిన ఫోన్ నంబర్, ‘ఈ నగ నాదే’ అని రాసి సంతకం చేసిన డిక్లరేషన్. నగను కరిగించకముందే తూకంతో సహా ఫొటో. డబ్బు అమ్మినవాళ్ల బ్యాంకు ఖాతాకే. ‘నా ఫ్రెండ్ ఖాతాకు వేయండి’ అంటే అక్కడితో ఆగండి. ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ నంబర్ ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో స్వచ్ఛత, హాల్‌మార్క్ వివరాలు తెలుస్తాయి. ఆ నగ ఎవరిదో మాత్రం యాప్ చెప్పదు. షాపులు హెచ్‌యూఐడీతోనే అమ్మాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1న వచ్చింది కాబట్టి పాత నగల మీద ఆ నంబర్ లేకపోవడం దానంతట అదే అనుమానించాల్సిన విషయం కాదు. కొన్న వెంటనే కరిగించకుండా కొన్నాళ్లు ఆగే పద్ధతి షాపులో ఉంటే అందరికీ మంచిది. గోల్డ్ లోన్ సంస్థల్లో 20 గ్రాములు దాటిన తాకట్టుకు, ఆ నగ ఎవరిదో ఎలా సరిచూశారో రాసిపెట్టాలని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. అప్రైజర్ పని స్వచ్ఛత చూడడంతో అయిపోయిందనుకోకుండా ఆ వివరం రాశారో లేదో కూడా చూసుకోవాలి.

ఫోన్లు: *#06# నొక్కితే ఐఎంఈఐ కనపడుతుంది. సంచార్ సాథీ యాప్‌లో చూసినా, కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి ఖాళీ వదిలి ఆ నంబర్ వేసి 14422కు ఎస్ఎంఎస్ చేసినా, ఫోన్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. స్క్రీన్ మీద వచ్చిన ఫలితాన్ని తేదీతో స్క్రీన్‌షాట్ తీసి కొనుగోలు రసీదుకు జత చేయండి. అమ్మే మనిషికి తన ఫోన్ పాస్‌వర్డే తెలియకపోతే, గూగుల్ గానీ యాపిల్ గానీ ఖాతా లాక్ తీయలేకపోతే, ఇంతకన్నా పెద్ద హెచ్చరిక ఇంకేం ఉండదు. ‘లాక్ తీసిపెట్టు, వెయ్యి ఇస్తా’ అనే పనికి బిల్లు, బాక్సు చూడకుండా చేయి పెట్టొద్దు. ఐఎంఈఐ మార్చడం ఇంకా పెద్ద నేరం. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

బండ్లు: ఆర్సీలో ఉన్న చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో కళ్లతో చూడాలి. నంబర్ దగ్గర గీకినట్టు, మళ్లీ పంచ్ చేసినట్టు ఉంటే మెకానిక్ చేతికి ఇట్టే తెలుస్తుంది. ఎంపరివాహన్ యాప్‌లో యజమాని వివరాలు, ఫైనాన్స్ ఉందా లేదా చూడొచ్చు. ఫారం 29, 30 మీద సంతకాలు లేకుండా కొనడం గానీ, ‘పార్టులు విప్పి అమ్మేద్దాం’ అనడం గానీ మొదలైతే ఆ పనికి దూరంగా ఉండండి.

పాత సామాను: కొత్తగా మెరుస్తున్న రాగి తీగ, మ్యాన్‌హోల్ మూతలు, ట్రాన్స్‌ఫార్మర్ విడిభాగాలు ఇంట్లో పనికిరాని సామానుగా రావు. రైల్వే సామాను అయితే మరీ జాగ్రత్త. దొంగిలించిందని సహేతుకంగా అనుమానించే రైల్వే సామాను మీ దగ్గర దొరికితే, అది సక్రమంగానే వచ్చిందని మీరే రుజువు చేసుకోవాలి. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం ఆ భారాన్ని మీ నెత్తినే పెట్టింది. మొదటిసారికే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

లాడ్జీలు, అద్దె గదులు: దోపిడీ చేసి వచ్చినవాళ్లని, లేదా చేయబోతున్నవాళ్లని తెలిసి వాళ్లను కాపాడేందుకు ఆశ్రయమిస్తే సెక్షన్ 254 కింద ఏడేళ్ల దాకా జైలు. గది ఇవ్వడమే కాదు, తిండి, డబ్బు, బండి సమకూర్చినా ఆశ్రయమే. ఐడీ లేకుండా గది ఇవ్వకపోవడం, రిజిస్టర్‌లో పేరు రాయడం మీకు కవచం.

కొన్న తర్వాత తెలిస్తే

చాలామందికి తట్టని విషయం ఇది. కొన్న రోజున మీకు నిజంగా తెలియదు. వారం తర్వాత వాట్సాప్ గ్రూపులో అదే నగ ఫొటో వచ్చింది. సెక్షన్ 317(2)లో ‘తీసుకోవడం’ పక్కనే ‘ఉంచుకోవడం’ కూడా ఉంది. తెలిసిన క్షణం నుంచి మౌనంగా ఉంచుకున్నా, హడావిడిగా వేరేవాళ్లకు అమ్మేసినా నిర్దోషి కాస్తా నిందితుడవుతాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, తెలియక తొక్కినప్పుడు వెంటనే కడుక్కోవడమే తెలివి. వస్తువును కదిలించకుండా, కొనుగోలు కాగితాలతో సహా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. నిజాయితీగా కొన్నా వస్తువు మీకు మిగలదు. అమ్మినవాడికే లేని హక్కు కొన్నవాడికి రాదని వస్తు విక్రయ చట్టం 1930 చెబుతుంది. నగ అసలు యజమానికి వెళ్తుంది. మీ డబ్బు అమ్మినవాడి నుంచి రాబట్టుకోవాలి. కాగితం మిమ్మల్ని జైలు నుంచి కాపాడుతుంది, నష్టం నుంచి కాదు. ఆ నష్టాన్ని మీ జీతంలోంచి కోస్తానని యజమాని అంటే, ఆయన చెప్పిన పద్ధతి ప్రకారమే కొన్నానని చూపించడానికి కూడా అదే కాగితం పనికొస్తుంది.

పోలీసులు నిందితుణ్ని వెంటబెట్టుకుని వస్తే

‘ఇదిగో, ఈ షాపులోనే అమ్మాను’ అని అతను వేలు చూపిస్తాడు. కంగారు పడి వెనక తలుపు నుంచి పోవద్దు. ఉన్న రిజిస్టర్ చూపించండి, లేనిది ఉందనొద్దు. దొంగ సొత్తని అనుమానించిన వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంది. అయితే సోదా, స్వాధీనం ఆడియో, వీడియోలో రికార్డు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 105 చెబుతోంది. ఏం తీసుకెళ్తున్నారో సాక్షుల ఎదుట జాబితా రాయాలి. ఆ పంచనామా కాపీ మర్యాదగా అడిగి తీసుకోండి. రసీదు లేకుండా ‘ఇంత బంగారం సర్దండి’ అని ఎవరడిగినా ఇవ్వాల్సిన పని లేదు. అలాంటప్పుడు వకీలుకు ఫోన్ చేయండి.

నోటీసు ఇస్తే దానిమీద సెక్షన్ నంబర్ చదవండి. బీఎన్ఎస్ఎస్ 179 అయితే మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నారు. 35(3) అయితే మీమీదే అనుమానం ఉంది. ఆ నోటీసు ప్రకారం హాజరవుతూ సహకరిస్తే, కారణాలు రాసిపెడితే తప్ప అరెస్టు చేయకూడదు. పిలిచిన రోజు మానేయడమే చాలామంది చేసే పొరపాటు. సాక్షిగా పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీ సంతకం అక్కర్లేదు. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ పెట్టకూడదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీరు చెప్పిన మనిషికి కబురు పంపాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు.

దోపిడీ మీ షాపులోనే జరిగితే

2021 జనవరిలో తమిళనాడులోని హోసూరులో తుపాకులతో వచ్చిన ముఠా ఒక గోల్డ్ లోన్ శాఖ నుంచి దాదాపు 25 కిలోల బంగారం ఎత్తుకెళ్తే, మర్నాడే సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. పోయిన బంగారం దొరుకుతుంది, పోయిన ప్రాణం దొరకదు. దోపిడీని అడ్డుకునేందుకు ఆత్మరక్షణ హక్కును చట్టం బలంగానే ఇచ్చింది, కానీ తుపాకీ ఎదురుగా ఉన్నప్పుడు చేతులెత్తడమే ఉద్యోగధర్మం. వాళ్లు వెళ్లగానే 112కు ఫోన్, షట్టర్ దించడం, వాళ్లు ముట్టుకున్న చోట ఎవరూ చేయి వేయకుండా చూడడం. కెమెరా రికార్డర్‌ను ఆపి మళ్లీ వేసే ప్రయోగాలు చేయొద్దు.

ఆ తర్వాత పోలీసులు అడిగే మొదటి ప్రశ్న ‘లోపలి మనిషి ఎవరు?’ అని. లాకర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, క్యాష్ ఏ టైముకు బ్యాంకుకు పోతుంది, కెమెరా ఏ మూలకు చూడదు అన్న సంగతులు వాటా కోసం చెప్పినవాడు నేర కుట్ర సెక్షన్ 61 కిందకు వస్తాడు. షాపు గుమ్మం తొక్కకపోయినా దోపిడీదారుతో సమానంగా శిక్ష పడొచ్చు. ఏ దురుద్దేశం లేకుండా టీకొట్టు దగ్గర వాగినవాడికి శిక్ష ఉండకపోవచ్చు గానీ, కాల్ రికార్డులు ముందు పెట్టుకుని రోజుల తరబడి జవాబులు చెప్పుకోవాలి. నగల ట్రేలు వాట్సాప్ స్టేటస్‌గా పెట్టే అలవాటు ఈ రోజే మానండి. ఎవరైనా ‘కొంచెం సమాచారం ఇస్తే చాలు’ అని కదిపితే ఊరికే తప్పుకోవడం కూడా చాలదు. దోపిడీ జరగబోతోందని తెలిసినవాళ్లు పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 33 అంటోంది. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో సరైన కారణం చూపే బాధ్యత మీదే.

కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం, సెలవులతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: ‘పాత సరుకు కొనేటప్పుడు ఏయే కాగితాలు తీసుకోవాలి, ఎవరు సంతకం చేయాలి?’ జవాబు కాగితం మీద ఇచ్చే చోట చేరండి. ఇప్పటికే చేరి ఉంటే, షాపులో ఆ పద్ధతి లేకపోతే, ఐడీ కాపీ, ఫొటో, రసీదు నంబర్, మీ సంతకం ఉండే ఒక పేజీ ఫారం మీరే తయారు చేసి ఓనర్ ముందు పెట్టండి. జిరాక్స్ ఖర్చు పేజీకి రెండు మూడు రూపాయలు. ఆ పేజీ నింపడం ఇష్టం లేక లేచిపోయే కస్టమర్‌ను వెనక్కి పిలవకండి.